ఎంక్యాట్ ఏప్రిల్‌లోనా, జూన్‌లోనా?

(ఈ నెల అమెరికాలో మెడికల్ సీటు కోసం ప్రయత్నిస్తున్న పిల్లల ఇళ్ళ నుంచి వచ్చిన మూడు ఉత్తరాలకు జవాబులు. ఎంక్యాట్ అంటే ఇక్కడి మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష. రాస్తున్నది డాలస్‌లో ఉంటున్న ఒక పిల్లల డాక్టరు.)

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడే టెక్సస్‌లో స్టేట్ యూనివర్సిటీలో మూడో సంవత్సరం చదువుతోంది. ఏప్రిల్ చివర్లో ఎంక్యాట్‌కి డేట్ తీసుకుంది. బయోకెమిస్ట్రీ, ఫిజిక్స్ రెండో కోర్సు ఈ సెమిస్టర్‌లోనే ఉన్నాయి. ఫైనల్స్ మే మొదటి వారంలో. మొన్న ఇంట్లో రాసిన ప్రాక్టీస్ టెస్టులో 528కి 503 వచ్చింది. జూన్‌కి మార్చుకుంటానంటే మావారు ఒప్పుకోవడం లేదు. మే నెలాఖరుకి అప్లికేషన్లు మొదలవుతాయి, స్కోరు చేతిలో లేకుండా ఏం పంపుతావు, అందరికంటే వెనకబడిపోతావు అంటున్నారు. పోనీ ఒక ఏడాది ఆగనిద్దాం అంటే, "అది లాంగ్ టర్మే కదా, నలుగురికీ ఏం చెప్తాం" అంటారు. రాత్రి భోజనాల దగ్గర రోజూ ఇదే గొడవ. పిల్ల తినకుండా లేచి వెళ్ళిపోతోంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఫ్రిస్కో

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చెప్పిందే సరైనది. ఏప్రిల్ తేదీ మార్చుకోమనండి, అదీ ఈ వారంలోనే. పరీక్ష దగ్గరపడే కొద్దీ తేదీ మార్పు ఫీజు పెరుగుతుంది. చివరి పది రోజుల్లో అయితే మార్చడమే కుదరదు. జూన్ తేదీలకు దగ్గర సెంటర్లు త్వరగా నిండిపోతాయి కూడా.

మీవారి ఆదుర్దా నాకు బాగా తెలుసు. నేను గుంటూరులో ఒక ఏడాది లాంగ్ టర్మ్ చేసి ఎంసెట్ రాసినదాన్నే. మా రోజుల్లో వరస ఒక్కటే: పరీక్ష, ర్యాంకు, కౌన్సెలింగ్, సీటు. ర్యాంకు లేనిదే తర్వాతి మెట్టు లేదు. తేదీ వాళ్ళు ప్రకటించేవాళ్ళు, మేం వెళ్ళి రాసేవాళ్ళం. అలా పెరిగిన మనకు స్కోరు లేకుండా దరఖాస్తు పంపడం అంటే నమ్మకం కుదరదు.

ఇక్కడ పద్ధతి వేరు. ఎంక్యాట్ జనవరిలో కొన్ని రోజులు, మళ్ళీ మార్చి, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా చాలా రోజులు ఉంటుంది. తేదీ మనమే ఎంచుకోవాలి. స్కోరు రావడానికి నెల పైన పడుతుంది. ఎక్కువ కాలేజీలు వాడే దరఖాస్తు సర్వీసు ఆమ్‌కాస్. అది మే మొదట్లో తెరుచుకుంటుంది, మే చివర నుంచి పంపొచ్చు. కాలేజీలకు మాత్రం జూన్ చివరికి గానీ చేరదు. ఈలోపు ఆమ్‌కాస్ వాళ్ళు చేసేది ట్రాన్స్‌క్రిప్ట్, అంటే కాలేజీ ఇచ్చిన మార్కుల జాబితా, పక్కన పెట్టుకుని ప్రతి కోర్సునీ, ప్రతి గ్రేడునీ సరిచూడటం. రద్దీలో దానికి నెల, ఒక్కోసారి నెలన్నర పడుతుంది. ఈ పనికి ఎంక్యాట్ స్కోరు అక్కర్లేదు. స్కోరు తర్వాత వచ్చినా దానంతట అదే వెళ్ళి దరఖాస్తుకు జత అవుతుంది.

ఇప్పుడు లెక్క వేయండి. మీ అమ్మాయి జూన్ మూడో వారంలోనో నాలుగో వారంలోనో రాస్తే జూలై చివరికి స్కోరు వస్తుంది. జూన్ మొదట్లో దరఖాస్తు పంపి ఉంటే, అప్పటికి దాని పరిశీలన కూడా పూర్తయి ఉంటుంది. కాలేజీలు విడివిడిగా అడిగే వ్యాసాలు, అదే సెకండరీలు, జూలైలో రాసి పెట్టుకుంటే ఆగస్టు మొదటికి ఫైలు పూర్తి. ఇంటర్వ్యూలు ఆగస్టు, సెప్టెంబరు నుంచి మొదలవుతాయి. ఇందులో వెనకబడింది ఏమీ లేదు. టెక్సస్ కాలేజీలకు టీఎండీఎస్ఏఎస్ అని వేరే దరఖాస్తు ఉంది. అది ఇంకా ముందు, మే మధ్య నుంచి పంపొచ్చు. దానికీ స్కోరు తర్వాత చేరితే చాలు. ఎన్ని కాలేజీలకు పంపినా ఫీజు ఒక్కటే. టెక్సస్ ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో నూటికి 90 సీట్లు ఈ రాష్ట్రం వాళ్ళవే కాబట్టి, మీ అమ్మాయి ఆశ పెట్టుకోవలసింది ముందు ఇక్కడే.

మరి ఏప్రిల్‌లో రాస్తే పోయేదేమిటి అంటారేమో. బయోకెమిస్ట్రీ. ఎంక్యాట్‌లో నాలుగు భాగాలు ఉంటాయి. బయాలజీ భాగంలో పావు వంతు, కెమిస్ట్రీ-ఫిజిక్స్ భాగంలో ఇంకో పావు వంతు బయోకెమిస్ట్రీ నుంచే వస్తుంది. మీ అమ్మాయి ఆ పాఠాలు ఇంకా వింటోంది. సగం విన్న కోర్సుతో, ఫైనల్స్‌కి వారం ముందు, ఏడున్నర గంటల పరీక్షకు కూర్చోబెడితే రెండూ చెడతాయి. ఫైనల్స్ అయ్యాక ఆమెకు ఆరు వారాలు దొరుకుతాయి. క్లాసులు లేని ఆరు వారాలు అంటే చిన్న విషయం కాదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా అబ్బాయి విషయంలో ఈ తప్పు నేనే చేశాను. వాడు ఆగుతానన్నాడు. "ముందు రాసేయ్, బాగా రాకపోతే మళ్ళీ రాద్దువు గాని" అన్నాను. ఏప్రిల్‌లో 504 వచ్చింది. ఆగస్టు చివర మళ్ళీ రాశాడు. సెప్టెంబరు చివర 513 వచ్చింది. మంచి స్కోరే. కానీ చాలా కాలేజీలు వచ్చిన ఫైళ్ళు వచ్చినట్టు చూస్తూ ఇంటర్వ్యూలకు పిలుస్తూ పోతాయి. వాడి ఫైలు పూర్తయ్యేసరికి అక్టోబరు వచ్చింది. అక్టోబరు మధ్యలో సీట్లు ఇవ్వడం కూడా మొదలైంది. ఆ ఏడాది వాడికి ఒక్క పిలుపూ రాలేదు. మరుసటి ఏడాది అదే 513తో, అవే మార్కులతో జూన్ మొదట్లో పంపితే సెప్టెంబరులో ఇంటర్వ్యూకి వెళ్ళాడు. మారింది తేదీలే. పైగా ఆ 504 ఎటూ పోలేదు, రాసిన స్కోర్లన్నీ కాలేజీలకు వెళ్తాయి. "మొదటిసారి ఏమైంది" అని ఇంటర్వ్యూలో అడిగితే వాడు తడుముకున్నాడని విన్నప్పుడు, ఆ జవాబు నేను చెప్పుకోవలసింది కదా అనిపించింది.

ఇక జూన్ అయితే ఖాయమా అంటే, దానికీ ఒక షరతు పెట్టుకోండి. పరీక్ష పెట్టే ఏఏఎంసీ వాళ్ళవే ప్రాక్టీస్ టెస్టులు ఉన్నాయి. వాటిని శనివారం పొద్దున్న ఎనిమిదింటికి మొదలుపెట్టి, అసలు పరీక్షలో ఇచ్చినన్ని విరామాలతోనే రాయాలి. ఫోను పక్కన పెట్టుకుని మూడు రోజులకు ముక్కలు చేసి రాసిన టెస్టు లెక్కలోకి రాదు. జూన్ మొదటి వారం వచ్చేసరికి చివరి రెండు మూడు టెస్టులు 510 చుట్టూ ఉంటే రాయమనండి. సీటు వచ్చినవాళ్ళ సగటు 528కి 511, 512 దగ్గర ఉంటోంది. ఇంకా 505 దగ్గరే ఉంటే ఈ ఏడాది వద్దు. తేదీ ఆగస్టుకు జరిపి, లేదా అది వదులుకుని వచ్చే జనవరికి కొత్తగా తీసుకుని, వచ్చే జూన్‌లో మొదటి రోజుల్లో పంపండి. ఆ నిర్ణయం జూన్ మొదటి వారం దాటనివ్వకండి. ఆ తర్వాత తేదీ మార్చుకునే వీలు ఉండదు.

రాయడానికే నిర్ణయించుకుంటే, ఆమ్‌కాస్‌లో ముందు ఒకే ఒక్క కాలేజీ పేరు పెట్టి పంపమనండి. పరిశీలన ఆ ఒక్కదానితోనే అయిపోతుంది. స్కోరు చూసుకున్నాక మిగతా కాలేజీలు చేర్చవచ్చు, మళ్ళీ మొదటి నుంచి పరిశీలన ఉండదు. అనుకున్నంత రాకపోతే పోయేది ఒక్క కాలేజీ.

మీ అమ్మాయికి ఒక మాట చెప్పండి. పరీక్ష అయ్యాక, స్కోరు లెక్కించమంటావా, రద్దు చేయమంటావా అని స్క్రీన్ మీద అడుగుతుంది. రద్దు చేస్తే కాలేజీలకు తెలియదు గానీ, రాసిన సారిగానే లెక్క. ఏడాదిలో మూడుసార్లు, వరసగా రెండేళ్ళలో నాలుగుసార్లు, జీవితం మొత్తంలో ఏడుసార్లు మాత్రమే రాయనిస్తారు. అలసటలో, భయంలో రద్దు నొక్కేసిన పిల్లలను చూశాను. ఒంట్లో బాగాలేక ఒక భాగం మొత్తం వదిలేస్తే తప్ప అది నొక్కవద్దని ఇంట్లో ఉండగానే అనుకోవాలి.

లాంగ్ టర్మ్ అన్న మాట మీవారు ఎందుకు అన్నారో నాకు తెలుసు. గుంటూరు హాస్టల్లో పది మంది ఒక గదిలో, పోయిన ఏడాది పుస్తకాలే మళ్ళీ చదువుతూ, ఊరికి వెళ్తే చుట్టాలకు మొహం చాటేసిన ఏడాది అది. ఇక్కడ ఆగిన ఏడాది అలా ఉండదు. పిల్లలు క్లినిక్‌లో డాక్టరు పక్కన నిలబడి నోట్సు రాస్తారు, అంబులెన్సులో పనిచేస్తారు, ల్యాబులో జీతానికి చేరతారు. ఇక్కడ మెడికల్ స్కూల్లో చేరేవాళ్ళలో సగానికి పైగా కాలేజీ అయ్యాక కనీసం ఒక ఏడాది ఆగి వచ్చినవాళ్ళే. చేరేవాళ్ళ సగటు వయసు 24. నలుగురికీ ఏం చెప్పాలో కూడా చెప్తాను: "ఆసుపత్రిలో పనిచేస్తోంది" అనండి. అది నిజమే కదా.

ప్రశ్న: ఆంటీ, నేను న్యూజెర్సీలో మూడో సంవత్సరం. ఈ డిసెంబరుకి నా సైన్సు కోర్సులన్నీ అయిపోతాయి. జనవరిలో ఎంక్యాట్ రాసేస్తే మంచిదని సీనియర్లు అంటున్నారు. కానీ డిసెంబరులో విజయవాడలో మా అక్క పెళ్ళి. మూడు వారాలు అక్కడే ఉండాలి. పుస్తకాలు తీసుకెళ్ళి చదువుకోవచ్చా?
– ఒక విద్యార్థిని, ఎడిసన్

జవాబు: అమ్మలూ, పెళ్ళింట్లో చదువు సాగదు. మెహందీ అని ఒకరు, షాపింగ్ అని ఇంకొకరు లాక్కెళ్తారు. తిరిగొచ్చాక జెట్ లాగ్‌తో ఇంకో వారం పోతుంది. జనవరి మంచి తేదీయే. ఫిబ్రవరిలో స్కోరు చేతికి వస్తుంది, తక్కువైతే మే నెలలో మళ్ళీ రాయడానికి టైమ్ ఉంటుంది. కానీ ఆ మంచి అంతా డిసెంబరు సెలవులు చదువుకి దొరికితేనే. నీకు కోర్సులు అయిపోయాయి కాబట్టి వసంతంలో క్లాసులు తక్కువ పెట్టుకుని ఏప్రిల్ చివరో, మే మొదట్లోనో రాయి. జూన్ మొదట్లోపు స్కోరు వచ్చేస్తుంది. అక్క పెళ్ళికి ఖాళీ చేతులతో వెళ్ళు, హాయిగా తిరుగు.

ప్రశ్న: నేను తెనాలి నుంచి మా అబ్బాయి వాళ్ళింటికి వచ్చాను. మనవడు ఏదో ఏడున్నర గంటల పరీక్ష అని గది తలుపు వేసుకుని కూర్చుంటున్నాడు. పలకరిస్తే ఊ అంటాడు. నేను వాడికి ఏం చేసిపెట్టగలను?
– ఒక బామ్మ

జవాబు: బామ్మగారూ, మీరు చేయగలిగింది చాలా ఉంది. పరీక్ష పొద్దున్న ఎనిమిదింటికి మొదలవుతుంది. 230 ప్రశ్నలు. మధ్యలో పది నిమిషాలు ఒకసారి, భోజనానికి అరగంట, మళ్ళీ పది నిమిషాలు. మీ మనవడు రాత్రి రెండింటి దాకా చదివి తొమ్మిదింటికి లేచే రకం అయితే, ఆ వేళకు బుర్ర పనిచేయదు. ఈ నెల రోజులూ రోజూ ఆరున్నరకు టిఫిన్ పెట్టండి. ఇడ్లీ వాసనకు లేచి వస్తాడు. అలారానికి లేవని వాళ్ళను కూడా నేను చూశాను, బామ్మ పిలిస్తే లేచారు.

ప్రాక్టీస్ టెస్టు రాసే శనివారాల్లో పరీక్షరోజు పెట్టబోయే భోజనమే డబ్బాలో పెట్టి ఇవ్వండి. పెరుగన్నం కడుపునిండా పెడితే మూడో భాగంలో నిద్ర వస్తుంది. కొంచెం పులిహోర, ఒక అరటిపండు, నాలుగు జీడిపప్పులు చాలు. కొత్తవి ఏవీ పరీక్షరోజు ప్రయత్నించవద్దు. డబ్బా గది బయట లాకరులో ఉంటుంది, విరామంలో తీసుకుంటాడు.

పరీక్ష రాసి వచ్చాక ఎలా రాశావు అని అడగకండి. వాడికే తెలియదు. స్కోరు రావడానికి నెల పైన పడుతుంది, ఇంట్లో అందరికంటే కష్టమైన నెల అదే. మీ తిరుగు టికెట్ ఆ నెలలో ఉంటే, కుదిరితే స్కోరు వచ్చిన తర్వాతకు జరుపుకోండి.