పెట్టుడు చీరలు, పేరు చెక్కిన బిందెలు

ప్రశ్న: బీరువాలో నూట ముప్పై దాకా చీరలున్నాయి. కట్టేవి పదిహేను. మిగతావి పెళ్లిళ్లలో, పేరంటాల్లో పెట్టినవే. జాకెట్టు ముక్కలకైతే లెక్కే లేదు. తలుపు తీస్తే విసుగొస్తోంది, తీసేద్దామంటే మనసొప్పడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: ఒక్క అరతో మొదలుపెట్టండి. బీరువా మొత్తం మంచం మీద కుమ్మరించారంటే మధ్యాహ్నానికి ఓపిక అయిపోతుంది. రాత్రి పడుకోవడానికి చోటు కావాలి కాబట్టి అన్నీ మళ్లీ లోపలికి తోసేస్తారు. రోజుకో అర, గంటన్నర చాలు.

ముందు పెట్టుడు చీరలు తీయండి. వాటితో జ్ఞాపకాలు తక్కువ, చెయ్యి త్వరగా ఆడుతుంది. ఫాల్ కుట్టించకుండా రెండేళ్లు దాటిన చీరను మీరిక కట్టరు. ఇచ్చే ముందు ఒక్కోటీ పూర్తిగా విప్పి చూడండి. కొట్లో గుచ్చిన పిన్ను తుప్పు పట్టి మరక దిగి ఉంటుంది, మడతల దగ్గర రంగు వెలిసి ఉంటుంది. అలాంటిది ఇంకొకరి చేతిలో పెట్టకూడదు. తిరిగి పెట్టడానికి అయిదు చీరలు, పది జాకెట్టు ముక్కలు ఉంచుకోండి. ఎవరు పెట్టారో, ఏ సందర్భమో చీటీ రాసి మడతలో పెట్టండి. చీటీ లేకపోతే ఆ చీర మళ్లీ పెట్టినవాళ్లింటికే చేరుతుంది, నొచ్చుకుంటారు.

జాకెట్టు ముక్కలను టేపుతో కొలవండి. మామూలు చేతులకు 80 సెంటీమీటర్లు కావాలి, పొడుగు చేతులకు మీటరు. అంతకు తక్కువైతే ఎవరికిచ్చినా వాళ్లింట్లో మూలన పడేదే. వాటితో కూరగాయల సంచులు కుట్టించండి.

పట్టుచీరలకు తొందర వద్దు. మడత విప్పి వెలుతురుకు పట్టి చూడండి. మడత గీత వెంట పోగులు చిట్లుతుంటే నీడలో ఆరవేసి, పాత గీత మీద కాకుండా వేరే చోట మడిచి, ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టండి. మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చాలి. ప్లాస్టిక్ కవరులో చెమ్మ నిలిచి జరీ నల్లబడుతుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి. ఇంత సేవ ఎన్ని చీరలకు చేయగలరో అన్నే ఉంచుకోండి. నా లెక్కలో పదికి మించి ఎవరికీ సాగదు.

ఖాళీ అయిన అరలో ఏమీ పెట్టకండి, సర్దడానికని డబ్బాలు కొనకండి. ఆషాఢం తగ్గింపులు వచ్చేసరికి ఆ ఖాళీయే మిమ్మల్ని కొట్టుకు పంపిస్తుంది. అప్పుడు గట్టిగా నిలబడాలి. అత్తగారి పెట్టె మాత్రం ఆవిడ లేనప్పుడు ముట్టుకోవద్దు.

ప్రశ్న: అటక నిండా ఇత్తడి, కంచు సామాను. అమ్మేయమంటున్నాడు అబ్బాయి. అమ్మితే తప్పా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: తప్పేం లేదండీ, తెలియకుండా అమ్మితేనే నష్టం. కంచు ఇత్తడి కన్నా ఖరీదు. రాగిలో తగరం కలిస్తే కంచు, జింకు కలిస్తే ఇత్తడి. రెండూ ఒకే కుప్పగా తూకం వేయించకండి. వేలితో కొట్టి వినండి: కంచు ఖంగుమని చాలాసేపు మోగుతుంది, ఇత్తడి మోత త్వరగా ఆగిపోతుంది. బిందె పట్టుకుని ఇంట్లో కాటా ఎక్కి, మీ బరువు తీసేస్తే తూకం తెలుస్తుంది. ఇనప పిడులుంటే ఆ బరువు పోతుంది. ఇద్దరు వర్తకుల దగ్గర ధర అడగండి.

అమ్మే ముందు ప్రతి సామాను అంచూ తుడిచి చూడండి. పెట్టినవాళ్ల పేరు, తేదీ చెక్కించి ఉంటాయి. అమ్మమ్మ పేరున్న మరచెంబు ఒక్కటి ఉంచుకుని రోజూ వాడండి. ఇత్తడిలో వండాలనుకుంటే కళాయి వేయించాల్సిందే. కళాయి పోయిన గిన్నెలో చింతపండు పులుసు పెడితే చిలుము ఎక్కుతుంది.

ప్రశ్న: సొరుగులో ఆరు పాత ఫోన్లున్నాయి. ఏం చేయాలి?
– ఒక ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: వెనక మూత ఉబ్బి ఉంటే ఆ ఫోను ఛార్జింగు పెట్టకండి, నొక్కకండి, విడిగా ఉంచండి. పనిచేసేవాటిలో ఫొటోలు దించుకుని, ఖాతాల నుంచి బయటికి వచ్చి, ఆ తర్వాత రీసెట్ చేయండి. సిమ్ము, మెమరీ కార్డు తీసేయండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పాత ఫోన్ల రీసైక్లింగు బాధ్యత తయారీ కంపెనీలదే. ఆ కంపెనీ సేకరణ కేంద్రంలోనే ఇవ్వండి, చెత్తబండిలో వేయకండి.