ఇరవై అక్షరాలతో ఒక నెల

అమ్మలూ,

నీకు నిద్ర పట్టట్లేదనీ, పట్టినా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోందనీ మీ నాన్న చెప్పాడు. చైనా సంగీతమట, ఎనిమిది గంటలు ఆగకుండా మోగేది, అది పెట్టుకుని పడుకుంటున్నావట. "అత్తకి చైనా పాటలు వచ్చు కదా, ఏవి వినాలో అడిగి చెప్పు" అన్నావట. నన్ను తలుచుకున్నందుకు చాలా సంతోషంగా ఉంది. ముందు ఆ ఎనిమిది గంటలదాన్ని ఆపెయ్. వెనకాల మోగుతూనే ఉండే పాట రెండు రోజులకి ఫ్యాన్ చప్పుడులో కలిసిపోతుంది. నువ్వు దాన్ని వినవు, అది నిన్ను పట్టి ఉంచదు.

నేనూ మొదట్లో ఇలాంటి పనే చేశాను. మీ మామయ్య ఉద్యోగం కోసం సింగపూర్ వచ్చిన కొత్తలో తోవా పయోలో తొమ్మిదో అంతస్తులో ఉండేవాళ్ళం. పగలంతా ఒక్కదాన్నే. పక్కింటి చైనా పెద్దావిడ నన్ను కమ్యూనిటీ క్లబ్‌లో పాటల బృందానికి తీసుకెళ్ళింది. ఆరు నెలల్లో పది పాటలు నేర్చుకోవాలని పంతం పట్టాను. ఒక్కటీ నిలవలేదు, పైగా రాత్రిళ్ళు అన్నీ కలగాపులగంగా బుర్రలో తిరిగేవి. ఒకరోజు ఆవిడ నా నోట్‌బుక్ మూసేసి, చిన్న కాగితం ముక్క చేతిలో పెట్టింది. దానిమీద ఇరవై అక్షరాలు. "నెలంతా ఇదే" అంది. నీకూ అదే చెబుతున్నాను.

ఆ ఇరవై అక్షరాలు 8వ శతాబ్దంలో, థాంగ్ రాజుల కాలంలో, వాంగ్ వేయ్ అనే కవి రాసినవి. ఇప్పటి షీయాన్ నగరానికి దగ్గర్లో, లాన్‌థియెన్ కొండల్లో ఆయనకి ఒక ఇల్లుండేది. ఆ చుట్టుపక్కల ఒక్కో చోటు మీద ఒక్కో చిన్న పద్యం చొప్పున ఇరవై రాశాడు. ఇది 'లూ జాయ్', అంటే జింకల దడి. ఆయన పేరు 'వేయ్', పెద్దయ్యాక పెట్టుకున్న వ్యవహారనామం 'మోజ్యే'. రెండూ కలిపి చదివితే 'వేయ్ మోజ్యే' అవుతుంది. మన వైశాలిలో గృహస్థుగా ఉంటూనే బోధిసత్వుడైన విమలకీర్తికి చైనా వాళ్ళు పెట్టుకున్న పేరు అది. ఇది తెలిసిన రోజు ఆ కాగితం ముక్క నాకు పుట్టింటి నుంచి వచ్చిన ఉత్తరంలా అనిపించింది.

పద్యం భావం ఇది: ఖాళీ కొండ, మనిషి కనిపించడు. అయినా మనుషుల మాటల చప్పుడు వినిపిస్తోంది. తిరిగివచ్చే వెలుగు లోతైన అడవిలోకి దూరి, మళ్ళీ పచ్చటి నాచు మీద పడుతోంది.

అంతే. 'నేను' అన్న మాట ఇందులో ఎక్కడా లేదు. మొదటి అక్షరం 'ఖుంగ్' అంటే ఖాళీ. బౌద్ధ గ్రంథాల్లో శూన్యం అన్న మాటకి చైనా వాళ్ళు వాడిందీ ఇదే. కానీ రెండో పాదానికల్లా ఆ ఖాళీలో మాటలు వినబడతాయి చూడు! కొండ ఖాళీగా ఉండాలంటే లోకమంతా నోరు మూసుకోవాలని కవి అడగడు. నీ ఫ్లాట్ కింద ఆటోలు, పక్కింటి టీవీ, పై అంతస్తులో కుర్చీ జరిపిన చప్పుడు, అన్నీ ఆ రెండో పాదంలో పట్టేస్తాయి. ధ్యానానికి కూర్చున్నప్పుడల్లా చప్పుడు వస్తే విసుక్కుంటున్నావని విన్నాను. ఈ పాదం నోట్లో ఉంటే ఆ విసుగు తగ్గుతుంది. నాకు తగ్గింది.

ఇక ఎలా చదవాలంటే, తప్పకుండా పైకి చదవాలి. కళ్ళతో చదివితే పది సెకన్లలో అయిపోతుంది, ఆ తర్వాత ఫోన్ చేతిలోకి వచ్చేస్తుంది. మొదటి పాదం: "ఖుంగ్ షాన్ పూ చ్యెన్ రెన్". తెలుగు వాళ్ళకి ఇందులో ఒక సుఖం ఉంది. క-ఖ, త-థ తేడా చైనా భాషకి ప్రాణం, మనకది చిన్నప్పుడే వచ్చేసింది. కష్టమల్లా ఎత్తుపల్లాలతోనే. ఖుంగ్, షాన్ రెండూ శ్రుతి పట్టినట్టు ఒకే ఎత్తున చదునుగా సాగాలి. 'పూ' కాస్త పైకి లేవాలి. 'చ్యెన్' కిందికి పడాలి. 'రెన్' ఎవరినో "ఆఁ?" అని అడిగినట్టు మళ్ళీ లేవాలి. ఎత్తు మారితే మాటే మారిపోతుంది కాబట్టి పరధ్యానంగా పలకడం కుదరదు. మనసుని ఇక్కడే ఉండమని బతిమాలక్కర్లేదు, నాలుకకి పని పడితే అదే వచ్చి కూర్చుంటుంది. మొదటి వారం ఒక్క పాదమే చాలు. పొద్దున పళ్ళు తోముకున్నాక మూడుసార్లు, రాత్రి దీపం ఆర్పేముందు మూడుసార్లు. పాదానికీ పాదానికీ మధ్య ఒక పూర్తి ఊపిరి.

రెండో నెలలో పాట. చైనాలో కళాగీతం అంటే పియానో సహకారంతో ఒక్క గొంతు పాడే కవిత. 1920లలో, 30లలో విదేశాల్లో చదువుకొచ్చినవాళ్ళు దీన్ని పెంచారు. అందులో జావ్ యువాన్‌రెన్ గొప్ప భాషాశాస్త్రవేత్త కూడా. ల్యూ బాన్‌నోంగ్ 1920లో లండన్‌లో ఉండగా రాసిన కవితకి 1926లో జావ్ కట్టిన పాటని చైనాలో ఇప్పటికీ పాడుకుంటారు. అయినా నువ్వు దానితో మొదలుపెట్టకు, పొడుగు. హువాంగ్ జ చేసిన 'హ్వా ఫేయ్ హ్వా' నేర్చుకో. మాటలు థాంగ్ కాలపు కవి పాయ్ జ్యూయీవి, ఇరవై ఆరు అక్షరాలు: పువ్వంటే పువ్వు కాదు, పొగమంచంటే పొగమంచూ కాదు. నడిరాత్రి వస్తుంది, తెల్లవారితే పోతుంది. వచ్చినప్పుడు వసంతపు కలలా ఎంతసేపని ఉంటుంది? పోయాక పొద్దుటి మబ్బులా వెతికే చోటే ఉండదు.

అది ఏమిటో కవి చెప్పలేదు. చాలామంది చాలా చెప్పారు, నువ్వు పట్టించుకోకు. మూడింటికి మెలకువ వచ్చి గుండెల మీద ఏదో కూర్చున్నట్టుంటుందని మీ నాన్నతో అన్నావు కదా. దానికీ పేరు పెట్టక్కర్లేదు. నడిరాత్రి వస్తుంది, తెల్లవారితే పోతుంది. మీ మామయ్య పోయిన ఏడాది నేను లేచి కూర్చుని ఈ పాటే పాడుకునేదాన్ని, గొంతు పైకి రాకుండా. దుఃఖం ఎక్కడికీ పోలేదు కానీ, దాని పక్కన కూర్చోవడం చేతనైంది. హువాంగ్ జ ముప్ఫై నాలుగేళ్ళకే, 1938లో టైఫాయిడ్‌తో పోయాడని నాకు తర్వాత తెలిసింది. ఆ సంగతి తెలిశాక 'తెల్లవారితే పోతుంది' అన్న చోట నా ఊపిరి ఇంకాస్త నెమ్మదించింది.

పాడేటప్పుడు ఒక జాగ్రత్త. చైనా పాటల్లో తరచుగా వచ్చే అయిదు స్వరాలు మన మోహనవే, అందుకని నీ గొంతు తెలియకుండానే గమకం వేస్తుంది. వెయ్యకు. ఆ స్వరం నిలబడిన చోట నిలబడనీ, చివర 'ంగ్' శబ్దాన్ని ముక్కులో మోగనీ. ఆ మోత తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయేదాకా విను. నేను ఎవరికి నేర్పినా ఎక్కువసేపు కూర్చునేది ఇక్కడే.

విషాదంగా ఉన్నాయని ఈ పాటల్ని దూరం పెట్టకు. లీ షూథోంగ్ 1915లో రాసిన 'సోంగ్ బియే' అనే వీడ్కోలు పాటని చైనాలో బడిపిల్లలు పాడుకుంటారు. పాత బాట పక్కన ఆకాశం దాకా పచ్చిక, అక్కడ విడిపోయే స్నేహితులు. దాని బాణీ ఒక అమెరికా పాటది, జపాన్ మీదుగా అక్కడికి చేరింది. రాసినాయన 1918లో హాంగ్‌జోలో సన్యసించాడు. 1942లో కన్నుమూసే ముందు నాలుగే నాలుగు అక్షరాలు రాసి ఇచ్చాడు: దుఃఖమూ ఆనందమూ పెనవేసుకున్నాయని. ఉల్లాసం పాటలే వినాలని ఎవరైనా చెబితే నాకు ఈయనే గుర్తొస్తాడు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఈ మెలకువలు ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళు. పాట చేసే పని పాట చేస్తుంది, డాక్టరు చేసే పని డాక్టరు చెయ్యాలి.

ఆదివారం రాత్రి ఎనిమిదికి ఫోన్ చెయ్యి. మొదటి పాదం ఒక్కటే వినిపించు. 'రెన్' దగ్గర నీ గొంతు కిందికి పడిపోతుందని నాకు తెలుసు, నాకూ అలాగే పడేది. ఇద్దరం కలిసి పైకి లేపుదాం.

ప్రేమతో,
అత్త