పసరు సంగతి తర్వాత, ముందు సర్జన్‌కు చూపించండి

ప్రశ్న: మా బాబుకు 19 ఏళ్లు. అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉంటాడు. మూడు రోజుల కిందట బొడ్డు చుట్టూ నొప్పి, వాంతులు మొదలయ్యాయి. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని వేసుకున్నాడు. తర్వాత నొప్పి కుడివైపు కిందికి దిగింది. ఇవాళ నొప్పి తగ్గింది కానీ జ్వరం ఉంది. రక్తపరీక్షలో తెల్లకణాలు 16,800, సీఆర్‌పీ 142, బిలిరుబిన్ 2.1, సోడియం 131 వచ్చాయి. అపెండిక్స్ అనుమానం అన్నారు. కామెర్లు కూడా ఉన్నట్టేనా? ముందు పసరు తాగించి, తర్వాత ఆపరేషన్ సంగతి చూడొచ్చా?

జవాబు: అమ్మా, మీ ప్రశ్న చదవగానే డెస్క్ వాళ్లతో మీకు ఫోన్ చేయించాను. ఇది ఇలాంటి రిపోర్టే చేతిలో పెట్టుకుని ఆలోచిస్తున్న మిగతావాళ్ల కోసం.

పసరు వద్దు. ఆముదం, ఎనిమా అసలే వద్దు. అపెండిక్స్ కుళ్లినా, పగిలినా అక్కడి బ్యాక్టీరియా విషాలు రక్తంతో కాలేయానికి చేరి పైత్యరసం పారడం మందగిస్తుంది. కామెర్లు ఉన్నాయేమోనని చూసే బిలిరుబిన్ పెరగడానికి అదొక కారణం. పుట్టుకతోనే అది కాస్త ఎక్కువుండే వాళ్లూ ఉంటారు కాబట్టి ఆ ఒక్క అంకెతో తేల్చలేం. కానీ ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే ఎక్కువయ్యే సీఆర్‌పీ అంత పెరిగి, సోడియం 135 కన్నా తగ్గి, జ్వరం కూడా ఉంటే నాకు భయమే. రక్తపరీక్ష అనుమానం పెంచుతుందంతే. పగిలిందా లేదా అన్నది పొట్ట నొక్కి చూసి, స్కాన్ తీసి సర్జనే చెప్పాలి. లోపల చీముగడ్డ కట్టి ఉంటే ముందు యాంటీబయాటిక్స్ ఇచ్చి, ఆపరేషన్ తర్వాత చేయడమూ ఉంది. ఇక్కడ కూర్చుని నేను అది నిర్ణయించలేను.

నన్ను కంగారు పెట్టింది మాత్రం 'నొప్పి తగ్గింది' అన్న మాట. మాత్ర నొప్పిని కప్పేసి ఉండొచ్చు. లేదా అపెండిక్స్ పగిలి, లోపలి బిగువు పోయి కొన్ని గంటలు హాయిగా అనిపించవచ్చు. ఇవాళ ఓపీలో ఒక కుర్రాడు జేబులోంచి మాత్రల స్ట్రిప్ ముక్క తీశాడు. పేరున్న భాగం కత్తిరించి షాపులోనే ఉంచేసుకున్నారు! ఏం మింగాడో వాడికీ తెలియదు, నాకూ తెలియలేదు. మూడు రోజులు మెడికల్ షాపు చుట్టూ తిరిగే బదులు మొదటి రోజే డాక్టర్‌కు చూపించి ఉంటే, మీకు ఇంత టెన్షన్ ఉండేది కాదేమో.

ఉస్మానియా, గాంధీ క్యాజువాలిటీలు రాత్రి కూడా తెరిచే ఉంటాయి. రిపోర్టులు, మిగిలిన మాత్రలు వెంట తీసుకెళ్లండి. సర్జన్ చూసేదాకా తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి. చివరిసారి ఎన్ని గంటలకు తిన్నాడో గుర్తుపెట్టుకోండి, మత్తు డాక్టర్ ముందు అడిగేది అదే.