శేషాద్రి ఎక్స్‌ప్రెస్ మీ హాల్లోంచే బయల్దేరుతుంది

ప్రశ్న: అమ్మగారూ, మేము మారతహళ్ళి దగ్గర మూడో అంతస్తులో, రెండు పడగ్గదుల ఇంట్లో ఉంటాం. వచ్చే నెల మా బాబుకు నాలుగేళ్ళు నిండుతాయి. మా అపార్ట్‌మెంట్‌లో ఈమధ్య పుట్టినరోజులన్నీ థీమ్‌తోనే జరుగుతున్నాయి. ఈవెంట్లు చేసేవాళ్ళని అడిగితే బెలూన్ల తోరణం, వెనకాల తెర, కేక్ టేబుల్ కలిపి 38,000 రూపాయలు చెప్పారు. మేము 6,000 దాటకూడదనుకున్నాం. వాడికి రైళ్ళంటే ప్రాణం. ఏటా వేసవిలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో సామర్లకోట వెళ్తాం, దారిపొడవునా కిటికీ వదలడు. 12 మంది పిల్లల్ని పిలవాలనుకుంటున్నాం. ఇంట్లోనే చేస్తే వెలితిగా ఉంటుందేమోనని టెన్షన్. అత్తగారు, మామగారు కూడా వస్తున్నారు. కొవ్వొత్తి ఆర్పడం అత్తగారికి ఇష్టం ఉండదు. మామగారు రైల్వేలో గేట్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. తెలుగు తప్ప వేరే భాష రాదు, అందుకే ఇక్కడికొస్తే గదిలోంచి పెద్దగా బయటికి రారు. ఎలా చేయమంటారు?
ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. రెండోసారి మామగారి గురించి రాసిన చోట ఆగిపోయాను. ఉద్యోగమంతా గేటు దగ్గర నిలబడి రైళ్ళకు పచ్చజెండా చూపించిన మనిషి మీ ఇంటికొస్తున్నారు. మీ బాబుకేమో రైళ్ళంటే ప్రాణం. ఇంక ఆ 38,000 రూపాయల తెరతో పనేముంది? జెండా ఆయన చేతికివ్వండి. మిగతాదంతా దాని చుట్టూ అల్లుకుందాం.

నేను జయనగర్‌లో మా ఇంటి కింది గదుల్లో 26 ఏళ్ళు నర్సరీ నడిపాను. అంత అనుభవం ఉండీ మా మనవరాలి మూడో పుట్టినరోజుకు హాలు మాట్లాడి, అన్నీ ఒక ఈవెంట్ సంస్థకు అప్పజెప్పాం. నిలువెత్తు ఎలుగుబంటి వేషం వేసుకుని ఒకతను వచ్చాడు. పాప హడలిపోయి టేబుల్ కింద దూరింది, గంటసేపు బయటికి రాలేదు. ఫొటోల్లో తోరణం చక్కగా పడింది, పాప ఒక్క దాంట్లోనూ లేదు. ఆ ఆల్బమ్ చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ బాధే. నాలుగేళ్ళ పిల్లలు గోడ మీద ఏముందో రెండు నిమిషాలు చూస్తారు. వాళ్ళ చేతికి ఏదైనా పని ఇస్తే ఏడాదంతా చెప్పుకుంటారు.

ముందు టికెట్లు చేయండి. కంప్యూటర్లు రాకముందు రైల్వేవాళ్ళు ఇచ్చిన చిన్న అట్ట టికెట్లు మామగారికి గుర్తుండే ఉంటాయి. సుమారు 57 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేవి. పిల్లలకు దానికి రెట్టింపు కొలతలో, పాత శుభలేఖల అట్టలతో కత్తిరించండి. ‘బెంగళూరు నుంచి సామర్లకోట. బయల్దేరు సమయం 4.45. చేరు సమయం 6.15’ అని రాసి, మీ బాబు చేతే ఇంటింటికీ ఇప్పించండి. చేరే సమయం తప్పకుండా రాయాలి, తల్లిదండ్రులు ఎప్పుడొచ్చి తీసుకెళ్ళాలో దాంతోనే తెలుస్తుంది. ఈ వయసుకు గంటన్నర చాలు. రెండు గంటలు దాటితే ఎవరో ఒకరు ఏడుపు మొదలుపెడతారు. టికెట్ ఇవ్వడానికి వెళ్ళినప్పుడే ఏ బిడ్డకు ఏం పడదో అడిగి రాసుకోండి. వేరుశనగలు, పాలు, గుడ్డు పడని పిల్లలు ప్రతి గుంపులోనూ ఉంటారు. ఆ రోజు గుమ్మం దగ్గర మీవారే టీసీ. నల్లకోటు లేకపోతే ముదురు రంగు చొక్కా చాలు, చేతిలో కాగితాలకు బెజ్జాలు వేసే పంచ్ ఉండాలి. ‘టక్’మనే ఆ చప్పుడు కోసం పిల్లలు మళ్ళీ వరుసలో నిలబడతారు చూడండి.

ఇక రైలు. అట్టపెట్టెలతో బోగీలు చేసి పిల్లలకు తొడగమని చాలామంది చెబుతారు. నేనూ ఒకసారి చేశాను. అంచులు గీరుకుపోయాయి, పెట్టె అడ్డొచ్చి కాళ్ళు కనబడక ఒక పాప పడింది. అప్పట్నుంచీ మా నర్సరీలో చీర రైలే. మెత్తబడిన నూలు చీరలు రెండు కలిపి ముడేసి, తాడులా మెలిపెట్టి, మూరెడు దూరానికో ముడి వేయండి. ఒక్కో ముడి ఒక్కో బోగీ. మొదటి ముడి మీ బాబుది, వాడే ఇంజను. చివరి ముడి దగ్గర మీరు గార్డు. తాడును పిల్లల నడుముకు గానీ మెడకు గానీ కట్టకూడదు, చేత్తో పట్టుకోవడమే. లాల్‌బాగ్‌లో ఇరవై మందిని ఈ చీరతోనే తిప్పేదాన్ని, ఒక్కరూ తప్పిపోలేదు.

స్టేషన్లు అయిదు చాలు. పసుపు కాగితం మీద నల్ల అక్షరాలతో రాస్తే అచ్చం మన స్టేషన్ బోర్డులే. తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడింట్లోనూ రాయండి. హాలు బెంగళూరు. మీ పడగ్గది తిరుపతి. నడవ విజయవాడ, అక్కడ నేల మీద నీలం చున్నీ పరిచి రెండు వైపులా దిండ్లు పెడితే కృష్ణా నది. రెండో గది గుమ్మం రాజమండ్రి. మళ్ళీ హాల్లో భోజనాల బల్ల దగ్గరికొస్తే సామర్లకోట. బాల్కనీని మాత్రం స్టేషన్ చేయకండి, ఆ సాయంత్రమంతా దానికి తాళం వేసే ఉంచండి.

ఈ దారి గురించి ఒక్క మాట చెప్పాలనిపిస్తోంది. బెంగళూరుకు మొట్టమొదట రైలొచ్చిన దారి ఇదే, 1864లో కంటోన్మెంట్ నుంచి జోలార్‌పేటకు. శేషాద్రి ఇప్పటికీ కుప్పం దగ్గర ఆంధ్రలోకొచ్చి, జోలార్‌పేట, కాట్పాడి మీదుగా తమిళనాడు చుట్టి, చిత్తూరుకు మళ్ళీ ఆంధ్రలో తేలుతుంది. ఒక్క ప్రయాణంలో మూడు రాష్ట్రాలు! మీ బాబుకు ఇప్పుడు అర్థం కాకపోయినా చెప్పి ఉంచండి.

గోదావరి దగ్గర మాత్రం తొందరపడొద్దు. వంతెన మీద రైలు వెళ్తుంటే మనవాళ్ళు దండం పెట్టుకుని చిల్లర వేస్తారు కదా. వెడల్పాటి టబ్బులో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు పోసి రెండు చామంతులు వేయండి. తలా ఒక అట్ట నాణెం ఇవ్వండి. పాత ఐస్‌క్రీమ్ డబ్బా మూత సైజు ఉండాలి, మింగేంత చిన్నవి వద్దు. చీర పట్టుకుని ‘ధడ్ ధడ్’మని కాళ్ళు కొడుతూ వచ్చి, ఒక్కొక్కరే నాణెం వేసి దండం పెడతారు. మీ అత్తగారిని ఆ టబ్బు దగ్గరే కూర్చోబెట్టండి. గోదావరి మీది పాత హేవలాక్ వంతెన 1997 దాకా దాదాపు వందేళ్ళు రైళ్ళను మోసింది, ఇప్పుడున్న ఆర్చి వంతెన సుమారు 2.7 కిలోమీటర్ల పొడవుంటుంది. ఆవిడ ఆ రెండిటి మీదా వెళ్ళే ఉంటారు, చెప్పించండి. ఆట అవగానే నీళ్ళు పారబోయాలి. పసిపిల్లలున్న ఇంట్లో టబ్బును నీళ్ళతో వదిలేయకూడదు.

ఇప్పుడు మామగారు. నడవ మొదట్లో, గుడ్డల దుకాణంలో అడిగితే ఇచ్చే అట్ట గొట్టానికి ఎర్ర కాగితం, తెల్ల కాగితం చుట్టి రెండు కుర్చీల మీద అడ్డంగా పెట్టండి. అదే లెవెల్ క్రాసింగ్. కుర్చీ వేసి ఆయన్ని అక్కడ కూర్చోబెట్టండి. పచ్చజెండా ఊపితే రైలు కదులుతుంది, ఎర్రజెండా చూపిస్తే ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా ఆగిపోవాలి. ఇదే ఆటగా ఇరవై నిమిషాలు సాగుతుంది, నా మాట నమ్మండి. మీ అపార్ట్‌మెంట్ పిల్లలు కన్నడం, హిందీ, తమిళం, ఇంగ్లీషు, ఏదైనా మాట్లాడనివ్వండి, జెండాకు భాష అక్కర్లేదు. ముందే ఫోన్ చేసి, “మామయ్యగారూ, మీ జెండాలు, విజిల్ ఇంట్లో ఉంటే తీసుకురండి, గేటు మీరే చూసుకోవాలి” అని చెప్పండి. సరదాకి అంటున్నట్టు కాకుండా, డ్యూటీ వేసినట్టే చెప్పండి. ఆయన నెల ముందునుంచే తయారవుతారు.

కొవ్వొత్తి విషయంలో మీ అత్తగారి మాటే వినండి. దీపం ఆర్పకూడదన్నది ఆవిడ పట్టింపు. నా కారణం ఇంకొకటి: ఇంటినిండా కాగితాలు, చున్నీలు ఉంటాయి. పొద్దున్నే తలంటి, కొత్తబట్టలు వేసి, దేవుడి దగ్గర దీపం పెట్టించి, పెద్దవాళ్ళ చేత అక్షింతలు వేయించండి. పాయసం అప్పుడే. సాయంత్రం లైట్లన్నీ ఆర్పేసి, కేక్ ఇంజను వెనక చిన్న టార్చి పెట్టి, మీ బాబు చేత స్విచ్ వేయించండి. ఇంజను హెడ్‌లైటు వెలుగుతుంది, పిల్లలంతా కూత పెడతారు.

కేక్‌కు పెద్ద ఖర్చు వద్దు. మన ఊళ్ళో ప్రతి వీధిలోనూ అయ్యంగార్ బేకరీ ఉంది, గుడ్డు లేని సాదా కేక్ దిమ్మలు మూడు చెప్పండి. ఒకదాన్ని సగానికి కోసి, సగం మీద సగం పెడితే ఇంజను, మిగిలిన రెండూ బోగీలు. గుండ్రటి క్రీమ్ బిస్కెట్లు చక్రాలు, బోగీలో బొగ్గుకు ఎండుద్రాక్ష. తినడానికి తలా నాలుగు చిన్న ఇడ్లీలు, మిరపకాయ వేయని పులిహోర, ఒక చిన్న కాకినాడ కాజా. అత్తగారు వచ్చేటప్పుడు కాజాలు తేకుండా ఉంటారా! రాజమండ్రి స్టేషన్‌లో రోజ్ మిల్క్, తలా 100 మిల్లీలీటర్లు, పిల్లలకు లీటరున్నర పాలు సరిపోతాయి. ఇక్కడ దొన్నె అంటారే, ఆ ఆకు దొప్పల్లోనే పెట్టండి. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళేలు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మకోల్, ఇవన్నీ 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. మూడేళ్ళ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ కూడా వస్తారు కాబట్టి వేరుశనగ గుళ్ళు, పాప్‌కార్న్, కోయని ద్రాక్షపళ్ళు అందేచోట పెట్టకండి, గొంతులో అడ్డుపడతాయి.

మిగిలిన డబ్బులో కొంత, మీ ఇంట్లో పనికొచ్చే ఆమెకు ఆ రెండు గంటలకూ విడిగా ఇచ్చి సాయానికి పిలవండి. పిల్లల్ని బాత్రూమ్‌కు తీసుకెళ్ళడానికే ఒక మనిషి కావాలి. వచ్చిన పిల్లలకు తిరిగి ఇవ్వడానికి చన్నపట్న కొయ్యబొమ్మలు చూడండి, తలా ఒక బొంగరం చాలు. మైసూరు దారిలో 60 కిలోమీటర్లు వెళ్ళే తీరిక లేకపోతే ఎంజీ రోడ్డులోని కావేరి ఎంపోరియంలో దొరుకుతాయి. మన ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రే వాటికీ వాడతారు, లక్క పూత కూడా ఒకటే. చాలామంది తెలుగువాళ్ళకు ఈ సంగతి తెలియదు.

పిల్లలు వెళ్ళాక ఆ చీరను దాచండి. ఆదివారాలు మామగారూ మనవడూ కింద పార్కులో నడపడానికి పనికొస్తుంది.

ప్రశ్న: మా పాపకు మూడేళ్ళు. బెలూన్ పేలితే వణికిపోతుంది. పుట్టినరోజున బెలూన్లు లేకుండా ఎలా?
మరో పాఠకురాలు, చెన్నై

జవాబు: నిశ్చింతగా మానేయండి. పేలిన బెలూన్ ముక్క పిల్లల గొంతులో ఇరుక్కుంటే ఊపిరి ఆగిపోతుంది, ఎనిమిదేళ్ళలోపు వాళ్ళను వాటి దగ్గర ఒంటరిగా వదలకూడదు. బజార్లో గ్యాస్ బెలూన్లలో హీలియం ఖరీదని చాలాచోట్ల హైడ్రోజన్ నింపుతారు. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. నురగ స్ప్రేలు కూడా కొవ్వొత్తి దగ్గర అంతే ప్రమాదం. గుమ్మానికి మామిడాకులు కట్టి, గోడకు రంగు కాగితాల గొలుసులు వేయండి. ఆ గొలుసులు పాప చేతే అతికించండి, మైదా ఉడికించిన జిగురు చాలు. రోజుకు పది వలయాల చొప్పున ఇవాళే మొదలుపెట్టొచ్చు.