సైకిల్ సందేహాలు: గతుకుల రోడ్డు మీద స్పీడుగా, నడుం పట్టేయకుండా

ప్రశ్న: సార్, నాకు 41 ఏళ్లు, 78 కేజీలు, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. మూడేళ్లుగా ముందు షాకప్‌లున్న హైబ్రిడ్ సైకిల్ తొక్కుతున్నాను. ఆదివారాలు మా బ్యాచ్‌తో 60, 70 కిలోమీటర్లు వెళ్తాం. హైవే మీద రోడ్ బైకులవాళ్లందరూ ముందుకెళ్లిపోతారు, నేను వెనకబడిపోతాను. హైవే దిగి ఊళ్లలోకి వచ్చాక మాత్రం ప్యాచ్‌లు, కంకర తేలిన తారు, పగిలిన సీసీ రోడ్లు. అక్కడ వాళ్లూ తిట్టుకుంటూనే తొక్కుతారు. నాకు స్పీడు కావాలి, చేతులు తిమ్మిరెక్కకూడదు, నడుం నొప్పి రాకూడదు. బడ్జెట్ లక్ష, మహా అయితే ఇంకో పదివేలు. ఒకాయన సెకండ్ హ్యాండ్‌లో కార్బన్ ఫ్రేమ్ చూసుకోమంటాడు, ఇంకొకాయన గ్రావెల్ బైక్ (కంకర, మట్టి దారుల కోసం చేసిన సైకిల్) అంటాడు, అది స్లో అని మిగతావాళ్లు నవ్వుతారు. వచ్చే ఏడాది 200 కిలోమీటర్ల బ్రెవే (ఇచ్చిన గడువులోగా పూర్తిచేయాల్సిన దూరప్రయాణం) చేయాలని ఉంది. ఏం కొనమంటారు?
– ఒక పాఠకుడు, సంగారెడ్డి

జవాబు: ముందు ఆ నవ్వేవాళ్ల సంగతి చూద్దాం. వాళ్ల టైర్లు 25 మిల్లీమీటర్ల వెడల్పువి అయి ఉంటాయి, అందులో 100, 110 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి కొట్టి, బొటనవేలితో నొక్కి రాయిలా ఉందని మురిసిపోతుంటారు. ఒకప్పుడు నేనూ అదే బాపతు. ఐదారేళ్ల కిందట శంకర్‌పల్లి వైపు ఒక సీసీ రోడ్డు చివర, రోడ్డుకీ మట్టికీ మధ్య నాలుగు వేళ్ల ఎత్తు తేడా ఉన్నచోట, అలాంటి టైర్లతోనే దిగి రిమ్ము సొట్ట పెట్టుకుని, ఆటోలో సైకిల్ వేసుకుని ఇంటికొచ్చాను. మా ఆవిడ ఇప్పటికీ ఆటో కనిపిస్తే గుర్తు చేస్తుంది.

గాలి గట్టిగా ఉంటే టైరు తేలిగ్గా దొర్లుతుందన్నది అద్దంలాంటి నేల మీదైతే నిజమే. కంకర తేలిన రోడ్డు మీద అలా కాదు. గట్టి టైరు ప్రతి రాయి మీదా సైకిల్‌నీ మిమ్మల్నీ కలిపి పైకి ఎగరేస్తుంది. మీ కాళ్లు ఇచ్చిన బలంలో ముందుకు వెళ్లాల్సినదాంట్లో కొంత అలా పైకీ కిందకీ ఊగడంలో, మీ భుజాలూ పొట్టా అదరడంలో ఖర్చైపోతుంది. మెత్తటి టైరైతే రాయిని తనలోకి దిగమింగి ముందుకు సాగుతుంది, మీరున్నచోటే ఉంటారు. మన ఊళ్లలో ఎడ్లబండికి ఇనప పట్టా చక్రాలు పోయి టైర్లు వచ్చినప్పుడు చూసినవాళ్లకి దీన్ని వేరే చెప్పక్కర్లేదు, అవే ఎడ్లు అదే దారిలో ఎక్కువ బరువు లాగాయి. అసలు గాలి టైరు సైకిల్‌కి వచ్చిందే ఇలా. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువుల డాక్టరు, తన కొడుకు తొక్కే మూడు చక్రాల బండి కుదుపులు తగ్గించాలని దాన్ని తయారు చేశాడు. మరుసటి ఏడాదే విల్లీ హ్యూమ్ అనే సైకిల్ పందేలవాడు ఆ లావు టైర్లు వేసుకుని అక్కడ పందేలకి వచ్చి గట్టి రబ్బరు టైర్లవాళ్లని ఓడించాడు.

ఇప్పటి పందేలదీ అదే దారి. ఫ్రాన్స్‌లో పారిస్–రూబే అని 1896 నుంచి జరుగుతున్న పందెం ఉంది, సుమారు 260 కిలోమీటర్లలో 50 కిలోమీటర్లకి పైగా రాళ్లు పరిచిన పాత బాటలే. అక్కడ తొక్కేవాళ్లకి బాగా తెలుసు ఏది స్పీడో, వాళ్లిప్పుడు 30, 32, ఇంకా లావు టైర్లు వేస్తున్నారు.

కాబట్టి షాపులో మీరు అడగాల్సిన మొదటి మాట ఫ్రేమ్ కార్బనా, అల్యూమినియమా అని కాదు, ‘ఇందులో ఎంత లావు టైరు పడుతుంది?’ అని. 35 పడుతుందంటే మాట్లాడండి, 28 దాటదంటే నమస్కారం పెట్టి బయటికి రండి. మీకు చెప్పిన ఆ సెకండ్ హ్యాండ్ కార్బన్ సైకిళ్లలో పాతవి చాలావరకు 25, గట్టిగా నెడితే 28 దగ్గర ఆగిపోతాయి, అందుకే వద్దంటున్నాను. కార్బన్ మీద నాకేం కోపం లేదు. కానీ ఫ్రేమ్ ఏదైనా సీటు కింద అది వంగేది చాలా తక్కువ, టైరులో గాలి ఇచ్చే మెత్తదనం ముందు అది లెక్కలోకి రాదు. ఇంకో విషయం, టైరుకీ ఫోర్క్‌కీ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగం) మధ్య రెండు పక్కలా నాలుగేసి మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. మీ వైపు నల్లరేగడి ఉంది కదా, వాన పడ్డాక ఆ మట్టి టైరుకి పట్టుకుని ఫోర్క్‌లో ఇరుక్కుంటే చక్రం తిరగదు, సైకిల్ భుజాన వేసుకోవాల్సిందే.

ఈ లెక్కన మీకు రెండు దారులున్నాయి. ఒకటి ఎండ్యూరెన్స్ రోడ్ బైక్. హ్యాండిల్ కాస్త ఎత్తులో, కాస్త దగ్గరగా ఉంటుంది, చక్రాల మధ్య దూరం కొంచెం ఎక్కువ, టైర్లు 32 నుంచి 38 దాకా పడతాయి (మోడల్‌ని బట్టి, అడిగి తెలుసుకోండి). రెండోది గ్రావెల్ బైక్, 40 పైన పడుతుంది, గేర్లు ఇంకా తేలిగ్గా ఉంటాయి. గ్రావెల్ బైక్ స్లో అనేవాళ్లు చూసింది దాని గుబ్బల టైర్ల సంగతి. వాటిని తీసేసి 35 లేదా 38 నున్నటి టైర్లు, పక్కగోడలు పల్చగా మెత్తగా ఉన్నవి వేస్తే మీ బ్యాచ్‌లో ఎవరూ నవ్వరు. మీరు తొక్కేది ఎక్కువ తారు, కొంత కంకర కాబట్టి ఎండ్యూరెన్స్ దొరికితే అదే తీసుకోమంటాను. మీ బడ్జెట్‌లో 35 పడేది దొరక్కపోతే గ్రావెల్ తీసుకుని, టైర్లకి విడిగా డబ్బు పక్కన పెట్టుకోండి. లక్షలో అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్, డిస్క్ బ్రేకులు, షిమానో సోరా లేదా టియాగ్రా గేర్లు చూసుకోండి, అంతకు మించి మెరుపులకి పోవద్దు. ముందు పళ్లచక్రాలు 50, 34, వెనక పెద్దది 34 పళ్లదైతే అనంతగిరి ఎక్కేటప్పుడు మోకాళ్లు మిమ్మల్ని తిట్టవు.

హైవే మీద మీరు వెనకబడటానికి కారణం మాత్రం టైరు కాదండీ, మీ ఛాతీ. పాతిక కిలోమీటర్ల స్పీడు దాటాక మన బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది, అడ్డ హ్యాండిల్ మీద మీరు తెరచాపలా కూర్చుంటున్నారు. పైన చెప్పిన రెండు సైకిళ్లకీ ఉండే, కిందికి వంగిన వంకీ హ్యాండిల్ వస్తే వంగడానికి వీలవుతుంది, చేతులు మూడు నాలుగు చోట్ల మార్చి పెట్టుకోవచ్చు కాబట్టి తిమ్మిరి కూడా తగ్గుతుంది. దానికి తోడు మీ షాకప్ ఫోర్క్ బరువు, తొక్కినప్పుడల్లా ఊగడం. అది ఎలాగూ పోతుంది, మళ్లీ కోరుకోవద్దు.

నడుం నొప్పికి మందు మాత్రం సైజులో ఉంది. సైజు చార్టులో మీ ఎత్తుకి రెండు సైజులు వచ్చే అవకాశం ఉంది. షాపువాడు తన దగ్గరున్నదే మీకు సరిగ్గా సరిపోతుందంటాడు, అది వాళ్ల వృత్తిధర్మం. స్టాక్, రీచ్ అని రెండు అంకెలుంటాయి, మొదటిది ఫ్రేమ్ ముందు భాగం ఎంత ఎత్తు, రెండోది ఎంత దూరం. మీరు స్టాక్ ఎక్కువ, రీచ్ తక్కువ ఉన్నదాని వైపు మొగ్గండి. కొనేముందు అరగంటైనా తొక్కి చూడండి, మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. బిగుసుకుపోయి చాచి పట్టుకోవాల్సి వస్తే ఆ సైకిల్ మీది కాదు. చేతుల తిమ్మిరికి హ్యాండిల్ టేపు రెండు పొరలు చుట్టించుకోండి, చవకైన వైద్యం.

ఇక గాలి. 32 టైరైతే ట్యూబుతో ముందు 55, వెనక 60 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టండి, 35 అయితే 45, 50. మీ బరువుకి చెబుతున్నాను, అందరికీ కాదు. వెనక చక్రం మీద బరువెక్కువ కాబట్టి వెనక ఎక్కువ. అక్కణ్నించి వారానికి రెండేసి పాయింట్లు తగ్గిస్తూ పోండి, గుంతలో పడ్డప్పుడు రిమ్ము రోడ్డుకి తగిలిన చప్పుడు వస్తే నాలుగు పెంచి అక్కడ ఆగండి. గేజ్ ఉన్న పంపు కొనకుండా ఈ పని చేయలేరు, బొటనవేలి మీద ఆధారపడొద్దు.

ట్యూబ్‌లెస్ (ట్యూబు లేకుండా, లోపల చిల్లులు మూసే ద్రవం పోసే టైరు) కావాలా అంటే, పల్లేరు ముళ్లూ తుమ్మ ముళ్లూ ఉన్న దారుల్లో చాలా సుఖం, చిన్న చిల్లులు లోపలి ద్రవమే మూసేస్తుంది. కానీ మన ఎండలకి అది త్వరగా ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి పోసుకునే ఓపిక ఉంటేనే. లేకపోతే ట్యూబులే నయం. ఏదైనా సరే, బ్యాగులో మీ సైజు ట్యూబులు రెండు ఉంచుకోండి, ఊళ్లో పంక్చర్ షాపులో ఆ సైజు దొరకదు. మీ ట్యూబుకి సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది, అక్కడి గాలి మిషన్ దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి వస్తుంది, అది వాల్వుకే తగిలించి ఉంచండి.

మీ బ్రెవే గురించి టెన్షన్ వద్దు. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలిస్తారు, టీ, టిఫిను, పంక్చర్లతో కలిపి గంటకి పదిహేను పడితే చాలు. అక్కడ మానేసేవాళ్లలో నేను చూసినవాళ్లు ఎక్కువగా కాళ్లు ఆడక మానేయలేదు, కూర్చోలేక మానేశారు. ఒక్క జాగ్రత్త, కోతల కాలంలో ఊరి రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, వాటి మీద ఏ టైరైనా జారుతుంది. స్పీడు తగ్గించి పక్కనుంచి వెళ్లండి, రైతుకీ మీకూ మంచిది.

ప్రశ్న: నాది పాత రోడ్ బైక్, మామూలు రిమ్ బ్రేకులు, 25 టైర్లు. రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డులో భీమిలి వైపు వెళ్తాను. అమ్మేసి కొత్తది కొనాలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఇప్పుడే వద్దు. స్నేహితుల దగ్గర 28 టైరున్న చక్రం అడిగి పెట్టి చూడండి, బ్రేకు కింద, ఫోర్క్ కింద తగలకుండా తిరిగితే 28 వేసుకుని వెనక 75, ముందు 70 కొట్టండి (మీరు 75 కేజీల చుట్టుపక్కల ఉంటే). వేరే సైకిల్ తొక్కుతున్నట్టుంటుంది. పట్టకపోతే 25లోనే పది పాయింట్లు తగ్గించండి. సముద్రపు గాలికి చైన్, నట్లు తుప్పు పడతాయి, ఇంటికొచ్చి పొడిగుడ్డతో తుడవడం మానొద్దు.

ప్రశ్న: నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. గ్రావెల్ బైక్ చూశాను, మలుపు తిప్పితే బూటు ముందు చక్రానికి తగులుతోంది. ‘అమ్మాయిలకి అంతే మేడమ్, అలవాటైపోతుంది’ అన్నాడు షాపతను. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అమ్మాయిలకి అంతే అనడం అబద్ధమండీ, చిన్న ఫ్రేమ్‌కి పెద్ద చక్రం బిగిస్తే ఎవరికైనా అంతే. స్పీడులో మనం హ్యాండిల్ అంతగా తిప్పం కాబట్టి ప్రమాదం తక్కువే, కానీ కంకరలో మెల్లగా మలుపు తిరిగేటప్పుడు పడేస్తుంది. 650బి చక్రాలున్న (మామూలు 700సి చక్రాలకన్నా చిన్నవి) చిన్న సైజు మోడల్ ఉందేమో అడగండి. ఆ చక్రానికి 47 టైరు వేసినా మొత్తం వ్యాసం 700సి మీద 28 టైరు వేసినంతే వస్తుంది, అంటే బూటుకి చోటు మిగులుతుంది, టైరు మాత్రం దిండులా ఉంటుంది. క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) 165 మిల్లీమీటర్లదో, ఇంకా పొట్టిదో వేయించుకుంటే ఇంకాస్త చోటు దొరుకుతుంది, మోకాళ్లకీ హాయి. బ్రేకు లీవర్లు వేళ్లకి అందేలా దగ్గరికి జరిపే స్క్రూ చాలా వాటికి ఉంటుంది, అది అక్కడే తిప్పించుకుని, గట్టిగా బ్రేకు పట్టి చూసుకున్నాకే డబ్బు కట్టండి.