పల్లెల్లో నాటుసారాను ప్రభుత్వం ఎలా అరికడుతుంది?

నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల సారా వ్యతిరేక ఉద్యమం దరిమిలా 1993లో ఆంధ్రప్రదేశ్‌లో సారా అమ్మకాన్ని నిషేధించినా, బట్టీలు ఏటిగట్లకు, తోటలకు, అడవి అంచులకు తరలిపోయాయి. ఎక్సైజ్ సిబ్బంది దాడుల్లో ప్రధానంగా డ్రమ్ముల్లో పులుస్తున్న బెల్లం ఊటను నేలపాలు చేస్తారు. కానీ కొద్ది రోజులకే మరో డ్రమ్ము నిండుతుంది కనుక, పాత నేరస్థులను తహసీల్దారు ఎదుట బైండోవర్ చేస్తారు (మళ్లీ తప్పు చేయబోమని పూచీకత్తు రాయించుకుంటారు), మాటిమాటికీ పట్టుబడేవారిపై 1986 నాటి పీడీ (ముందస్తు నిర్బంధ) చట్టాన్ని ప్రయోగిస్తారు. నల్లబెల్లం, పటిక సరఫరా చేసేవారిపైనా కేసులుంటాయి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన నాటుసారా నిర్మూలన కార్యక్రమం నవోదయం 2.0 కింద గ్రామాలను తీవ్రతను బట్టి మూడు తరగతులుగా విభజించారు. కేసుల కన్నా పునరావాసమే ముఖ్యమని నా అభిప్రాయం. తెలంగాణలో గుడుంబా (నాటుసారా) తయారీ మానేసిన కుటుంబాలకు స్వయం ఉపాధి కోసం 2 లక్షల రూపాయల వరకు సాయం అందించారు.