డాక్టర్ సలహా: దగ్గే లేనప్పుడు టీబీ పరీక్ష ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 46 ఏళ్లు. ఆరేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. వచ్చే వారం మా ఊళ్లో టీబీ క్యాంపు ఉందని, దగ్గు ఉన్నా లేకపోయినా పెద్దవాళ్లంతా వచ్చి ఎక్స్‌రే తీయించుకోవాలని ఆశా కార్యకర్త ఇంటికొచ్చి చెప్పింది. నాకు దగ్గు లేదు, జ్వరం లేదు. మావారు గ్రానైట్ ఫ్యాక్టరీలో రాళ్లు కోసే పని చేస్తారు. ‘ఏమీ లేనివాళ్లకి పరీక్షలేంటి? లేనిపోనిది బయటపడితే ఊరంతా తెలుస్తుంది, అసలే అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం’ అని వద్దంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఎక్స్‌రే వల్ల ప్రమాదమా? వెళ్లాలా, వద్దా?
– ఒక పాఠకురాలు, చీమకుర్తి దగ్గరి గ్రామం

జవాబు: వెళ్లండమ్మా. మీవారిని కూడా తీసుకెళ్లండి. ఆయన సంగతి చివర్లో చెబుతాను.

ముందు దగ్గు విషయం. టీబీ అంటే ఎడతెగని దగ్గు, కళ్లెలో రక్తం, ఎముకల గూడులా చిక్కిపోయిన మనిషి మన కళ్లముందు మెదులుతారు. అది జబ్బు బాగా ముదిరాక కనిపించే రూపం. అంతకుముందు నెలల తరబడి చాలామంది మామూలుగానే తిరుగుతుంటారు. పనికి వెళ్తారు, పెళ్లిళ్లకు వెళ్తారు, మనవళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు. 2019-21లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దేశవ్యాప్తంగా టీబీ సర్వే చేసినప్పుడు లక్షణాలు అడగడంతో పాటు అందరికీ ఛాతీ ఎక్స్‌రే కూడా తీసింది. అలా దొరికిన టీబీ రోగుల్లో దాదాపు 43 శాతం మంది, ఎక్స్‌రే తీయకుండా ‘దగ్గు ఉందా, జ్వరం ఉందా’ అని అడిగి వదిలేసి ఉంటే దొరికేవాళ్లు కాదు. అదే సర్వేలో, లక్షణాలున్నవాళ్లలో ఏ ఆస్పత్రికీ వెళ్లనివాళ్లు దాదాపు 64 శాతం. ‘రోగి తనంతట తనే వస్తాడు’ అని మేం ఆస్పత్రిలో కూర్చుంటే ఎంతమందిని వదిలేస్తున్నామో చూడండి. 2024 డిసెంబరులో దేశంలో మొదలైన వంద రోజుల టీబీ కార్యక్రమంలో, దగ్గు లేకపోయినా షుగర్ ఉన్నవాళ్లకు, పొగ తాగేవాళ్లకు, వృద్ధులకు, గతంలో టీబీ వచ్చినవాళ్లకు ఎక్స్‌రే తీయమన్నది ఇందుకే.

మందు వాడని టీబీ రోగి ఒక్కరు ఏడాదిలో ఐదు నుంచి పదిహేను మందికి క్రిమిని అంటించగలరు. ఊరంతటినీ పరీక్షిస్తే ఈ గొలుసు నిజంగా తెగుతుందా అంటే, వియత్నాంలో చూశారు. అక్కడి కా మావ్ రాష్ట్రంలో కొన్ని పల్లెల్లో మూడేళ్లపాటు ఏటా ఇంటింటికీ వెళ్లి, దగ్గు ఉందా లేదా అని చూడకుండా పెద్దవాళ్లందరి కళ్లె పరీక్షించారు. దొరికినవాళ్లకు మందులిచ్చారు. నాలుగో ఏడు లెక్క చూస్తే, ఈ పరీక్షలు జరగని పల్లెల కన్నా అక్కడ టీబీ 44 శాతం తక్కువ ఉంది. వియత్నాంలో ఫలితం వచ్చింది ఏటా మళ్లీ మళ్లీ వెళ్లడం వల్ల. అందుకే మీ ఊరికి వచ్చే ఏడాది క్యాంపు వచ్చినా ‘పోయినసారి చేయించుకున్నాంగా’ అనుకోవద్దు.

మీవారి భయంలో ఒక న్యాయమైన మాట ఉంది. ఎక్స్‌రేలో మచ్చ కనిపించినంత మాత్రాన టీబీ కాదు. చిన్నప్పుడు వచ్చి మానిపోయిన జబ్బు గుర్తు కావచ్చు, న్యుమోనియా కావచ్చు. ముందు చెప్పిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో 15 ఏళ్లు దాటిన ప్రతి లక్ష మందిలో టీబీ ఉన్నవాళ్లు 300 మందికి కాస్త పైన. అంటే వెయ్యి మంది పెద్దవాళ్లలో సుమారు ముగ్గురు. వెయ్యి మందికి ఎక్స్‌రే తీస్తే ఏదో ఒక తేడా కనిపించేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు ఉంటారు. వాళ్లలో ఎక్కువమందికి టీబీ ఉండదు. కాబట్టి ‘మచ్చ ఉంది, కళ్లె ఇవ్వండి’ అని చెబితే కంగారు పడకండి. ట్రూనాట్ లేదా సీబీనాట్ మెషీన్‌లో ఆ కళ్లె పెడితే గంటా రెండు గంటల్లో క్రిమి ఉందో లేదో తెలుస్తుంది. ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ దానిమీద పనిచేస్తుందో లేదో కూడా తెలుస్తుంది. ఇచ్చేది నోట్లో ఉమ్మి కాకూడదు. పొద్దున్నే నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి తీసుకుని, లోపలి నుంచి దగ్గి తీసిన కళ్లె కావాలి. ఇంట్లో పిల్లల దగ్గర కాకుండా బయట గాలిలో తీయండి. చాలామంది ఉమ్మి ఇచ్చి వెళ్లిపోతారు. దానిలో క్రిమి దొరకక, జబ్బు ఉన్నా ‘లేదు’ అని రిపోర్టు రావచ్చు.

ఎక్స్‌రే ప్రమాదమా అన్నారు. ఒక్క ఛాతీ ఎక్స్‌రేతో తగిలే రేడియేషన్, మామూలుగా మట్టి నుంచి, ఆకాశం నుంచి పది రోజుల్లో మనకు తగిలేంత. గర్భిణులు మాత్రం ముందే సిబ్బందికి చెప్పాలి.

ఒకవేళ టీబీ అని తేలితే ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం భయం పోతుంది. మామూలు టీబీకి ఆరు నెలల మందులు, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. పోషణ కోసం నెలకు 1000 రూపాయలు ఖాతాలో వేస్తారు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది మందు రంగే, భయపడొద్దు. మీకు షుగర్ ఉంది కాబట్టి ఒక జాగ్రత్త: రిఫాంపిసిన్ వేసుకుంటే కొన్ని షుగర్ మాత్రలు సరిగా పనిచేయవు. మీరు వాడే మాత్రల చీటీ డాక్టర్‌కి తప్పకుండా చూపించండి. మందులు సరిగా పనిచేస్తుంటే చాలామందిలో రెండు వారాల్లోనే ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ఇంట్లో మిగతావాళ్లకు పరీక్ష చేసి, జబ్బు లేదని తేలాక, రాకుండా ఉండే మందులూ ఇస్తారు.

అమ్మాయి పెళ్లి గురించి మీరు పడుతున్న బాధ నాకు అర్థమవుతోంది. ఆడపిల్ల ఉన్న తల్లిదండ్రులు ఈ మాట మా దగ్గర చాలాసార్లు అంటారు. క్యాంపులో అందరూ వరసలో నిలబడతారు, ఎవరి ఫలితం వాళ్లకే చెప్పాలి. నలుగురిలో పేరు పిలిచి చెప్పవద్దని అడిగే హక్కు మీకుంది, అడగండి. ఇంట్లో ఎవరికైనా గుట్టుగా జబ్బు ఉండిపోతే, అదే గదిలో పడుకునే మీ అమ్మాయికే ముందు అంటుకునే ప్రమాదం ఉంది. మందులు వాడి నయమైనవాళ్లు నిశ్చింతగా పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్ని కనవచ్చు.

టీబీ లేదని వస్తే సంతోషం. అయితే అది ఆ రోజు మాట. షుగర్ ఉన్నవాళ్లకి టీబీ ముప్పు మిగతావాళ్ల కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. తర్వాత ఎప్పుడైనా రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, ఆకలి తగ్గడం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే క్యాంపు కోసం చూడకుండా పీహెచ్‌సీకి వెళ్లండి.

ఇప్పుడు మీవారి విషయం. రాయి కోసేటప్పుడు లేచే సన్నని దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి అది పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడి సిలికోసిస్ వస్తుంది. అలాంటి ఊపిరితిత్తుల్లో టీబీ క్రిమి సులువుగా పాతుకుపోతుంది. బీడీ, సిగరెట్ అలవాటు కూడా ఉంటే ముప్పు ఇంకా పెరుగుతుంది. మన దేశంలో టీబీ మగవాళ్లలోనే ఎక్కువ. క్యాంపులకు తక్కువగా వచ్చేదీ వాళ్లే, ‘కూలి పోతుంది’ అంటారు. మీ ఇద్దరిలో ఒక్కరినే పంపగలిగితే నేను ఆయన్నే పంపుతాను. సిలికోసిస్ మచ్చలు, టీబీ మచ్చలు ఒక్కోసారి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి పాత ఎక్స్‌రేలు ఉంటే పట్టుకెళ్లమనండి, ఎన్నేళ్లుగా రాయి పని చేస్తున్నారో డాక్టర్‌కి చెప్పమనండి. ఆయన పనికి వెళ్లే వేళలు ఆశా కార్యకర్తకు ఇవాళే చెప్పి, పొద్దున్నే మొదట ఆయనకు తీయగలరేమో అడగండి.